కడగడపమ్మ ఎదురుకోల

మొగిలివంచ ఊరి చివర జీలుగువాగు మీది రాతిబాటను మొదటిసారి చూసినవారు ముందుగా నవ్వుతారు. నవ్వండి, అమ్మవారు ఏమీ అనుకోదు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు చూపు తిన్నగానే పోతుంది గాని బాట మాత్రం తిన్నగా పోదు. పది బారలు నడిచాక ఎగువకు తిరుగుతుంది, నడివాగులో మళ్లీ దిగువకు మళ్లుతుంది, ఆ తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు చటుక్కున సిరిగూడెం గట్టు ఎక్కుతుంది. కల్లు తాగినవాడెవడో వేసి ఉంటాడని కొత్తగా వచ్చినవారు ఎగతాళి చేస్తారు. ఆ మాట అన్నవారితో మా ఊరివాళ్లు కొట్లాటకు దిగరు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఈ గుడి మెట్ల మీద కూర్చోబెడతారు, మజ్జిగ ఇస్తారు, కథ చెబుతారు. కథ విన్నాక ఆ నవ్వినవారే చెప్పులు చేతపట్టుకుని బాట దాటుతారు.

గుడి అన్నాం గాని, దీనికి గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. చూడగానే ఇల్లులా ఉందని అనిపిస్తే మీ కంటి తప్పు కాదు. ఇది ఒకప్పుడు ఇల్లే, ఊరికి ఆఖరి ఇల్లు. అందుకే ఇక్కడి తల్లిని కడగడపమ్మ అంటారు. మూరెడు రాతిపలక మీద చెక్కిన ఆ తల్లి కూర్చుని ఉండదు, నిలబడి ఉంటుంది. కుడిచేతిలో కోలాటపు కోల ఒకటి పైకెత్తి పట్టుకుని ఉంటుంది. ఎడమచెయ్యి అరచెయ్యి తెరిచి ముందుకు చాచి ఉంటుంది. కాళ్ల కింది పీఠం రాయి కాదు, నల్లబడిన పడవ పలక. ఇక్కడికి వచ్చే భక్తులు కొబ్బరికాయ తెచ్చినా తేకపోయినా ఒక కోల మాత్రం తెస్తారు. దానితో తల్లి చేతి కోలను మెల్లగా తాకిస్తారు. దాన్నే ఎదురుకోల మొక్కు అంటారు. ఈ మొక్కు ఎందుకు పుట్టిందో, బాట ఎందుకు వంకర అయిందో, రెండూ ఒకే కథ.

పూర్వం ఇక్కడ బాట లేదు, గుడి లేదు. వాగు ఒక్కటే ఉండేది, అదీ తన ఇష్టం వచ్చినట్టు ఉండేది. ఎండాకాలం మోకాలి లోతు నీళ్లు, మిగిలినదంతా ఇసుక, ఆ ఇసుకలో అక్కడక్కడా ఊబి. వానాకాలం వస్తే వెనక గుట్టలు, ముందు వాగు, నడుమ దిక్కులేని ఊరు. ఉప్పు కావాలన్నా, సంతకు పోవాలన్నా, పురుడు పోసే మంత్రసాని కావాలన్నా ఆ గట్టున ఉన్న సిరిగూడెమే గతి. ఆ గట్టుకు చేర్చేది బెస్త రాజమల్లు పడవ. ఇప్పుడు మీరు కూర్చున్న చోటే అతని ఇల్లు ఉండేది. గింజలు కొలిచి ఇచ్చినవారిని దాటించేవాడు, ఇవ్వలేనివారినీ దాటించేవాడు. ఒక్కసారి తప్ప ఎవరినీ ఈ గట్టున వదిలేశాడన్న మాట అతని మీద పడలేదు.

ఆ ఒక్కసారి వదిలేసింది ఓదెవ్వను. ఓదెవ్వ గొర్ల కాపరుల ఇంటి ఇల్లాలు. భర్త చిన్నవయసులోనే పోతే ఇద్దరు ఆడపిల్లలను ఒంటిచేత్తో పెంచింది. ఆమె గొంతు సంగతి కూడా చెప్పాలి. ఓదెవ్వ పాట ఎత్తితే వాగు అవతల మేస్తున్న మంద తలెత్తి చూసేదట. కాముని పున్నమికి తొమ్మిది రోజుల ముందు నుంచి ఊళ్లో ఆడవాళ్లు కోలలు పట్టి జాజిరి ఆడేవారు, ఇంటింటికీ తిరిగి పాడి పండుగ ఖర్చుకు గింజలు అడిగేవారు. ఆ ఆటలో పాట ఎత్తేది ఓదెవ్వే, ముందు నడిచేదీ ఓదెవ్వే. ఆమె ఎటు తిరిగితే ఊరు అటు తిరిగేది. మంచికైనా అంతే, తప్పుకైనా అంతే.

ఒక భాద్రపదంలో ఆమె పెద్దబిడ్డ లచ్చవ్వకు నొప్పులు వచ్చాయి. కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది. ఇంటి ముసలమ్మలు తమ వల్ల కాదని, సిరిగూడెం నుంచి మంత్రసాని బాలవ్వ రావాలని తేల్చేశారు. అప్పటికి వాగు రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది. ఓదెవ్వ పరుగున వచ్చి రాజమల్లు గడప ముందు నిలబడింది.

"తమ్మీ, పడవ తియ్యి. నా బిడ్డ పోయేటట్టున్నది" అన్నది.

రాజమల్లు వాగు వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "ఈ నీళ్లల్ల పడవ నిలువదక్కా. బాలవ్వను ఎక్కించుకొని వచ్చేటప్పుడు తప్పక మునుగుతది" అన్నాడు.

ఆమె రెండోమాట అడగలేదు. ఇంటికి తిరిగి వెళ్లింది. పొద్దుగూకేసరికి తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. ఆ రోజు నుంచి ఓదెవ్వ అతన్ని తమ్మీ అని పిలవలేదు, పేరు పెట్టీ పిలవలేదు. ఎదురొస్తే పక్కదారిన పోయేది. ఒకసారి రాజమల్లు ఏదో చెప్పాలని ఇంటికి వస్తే మొహం మీదే తలుపు వేసింది. తన బిడ్డ ప్రాణం కంటే వాడికి నాలుగు చెక్కలు ఎక్కువయ్యాయన్న మాట ఆమె కడుపులో రాయిలా కూర్చుంది. కన్నకడుపు మరి, మనం ఇక్కడ మెట్ల మీద కూర్చుని తప్పుపట్టడం తేలికే.

రెండేళ్లు గడిచాయి. ఊళ్లోనే ఇచ్చిన చిన్నబిడ్డ ఐలవ్వ నీళ్లోసుకుంది. ముసలమ్మలు వేళ్లు మడిచి లెక్క చూసి ఆషాఢానికి నెలలు నిండుతాయన్నారు. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. ఓదెవ్వ మాత్రం వాగు వంక చూసింది. ఆషాఢమంటే వాగు నిండే నెల. ఇంకో బిడ్డను కూడా ఆ వాగు పాలు చేసుకోవడానికి ఆమె సిద్ధంగా లేదు. మరునాడే ఊరందరినీ కూర్చోబెట్టింది.

"వాగుకు బాట గావాలె. రాళ్లు గుట్ట మీదున్నయి, చేతులు మనకున్నయి. మేస్త్రికి కూడు, గచ్చుకు సున్నం, బెల్లం, కరక్కాయ తక్కువున్నయి. ఈసారి జాజిరి పండుగ కోసం ఆడొద్దు. బాట కోసం ఆడుదాం. గడప గడపకూ పోదాం, మనిషికి పిడికెడు అడుగుదాం" అన్నది.

ఊళ్లో పటేలు ఒకాయన ఉండేవాడు, మంచివాడే. ఆడవాళ్లు ఎండలో తొమ్మిది రోజులు ఎగరడం దేనికి, పది బస్తాల వడ్లు నేనే పోయిస్తానన్నాడు. అందరి మొహాలూ వెలిగాయి. ఓదెవ్వ మొహం వెలగలేదు.

"నీ పది బస్తాలతోటి బాట అయితది పటేలా, కాదన. కానీ అది నీ బాట అయితది. మేం కాలు పెట్టినప్పుడల్లా నీకు దండం పెట్టాలె. నీ పిడికెడు నువ్వియ్యి, మా పిడికెడు మేమిస్తం" అన్నది. పటేలు ఒక్క క్షణం చిన్నబుచ్చుకుని, ఆ తర్వాత తనే పెద్దగా నవ్వాడట. ఆ రోజు నుంచి ఈ క్షేత్రంలో పిడికెడుకు మించిన కానుక తీసుకోరు. హుండీ ఎక్కడుందని అడిగే భక్తులు దయచేసి గమనించాలి.

ఇక ఆ ఏటి జాజిరి ఆట మొగిలివంచ అంతకు ముందు చూడలేదు. ఆడవాళ్లు కొంగులు బిగించారు, మగవాళ్లు డప్పులు కాచుకొచ్చారు. ఓదెవ్వ కొత్తపాట కట్టింది.

వాగు నడుమ బాటకని వచ్చినామమ్మో
వాకిలంత ఆడిపాడి పోతామమ్మో
పుట్టెడొద్దు గంపెడొద్దు పిడికెడే చాలు
పిడికిలొక్కటొక్కటే బాటకు రాలు

ప్రతి వాకిట్లో ఒక చుట్టు ఆట, ఒక పాట, ఆపైన పిడికిళ్లు. ఇంట్లో ఎన్ని చేతులుంటే అన్ని పిడికిళ్లు. తొట్టెలో పడుకున్న పసిపిల్లల పిడికిళ్లు కూడా విప్పి నాలుగు గింజలు పెట్టి మళ్లీ మూసి తెచ్చేవారు. పనికి దిగేవారికి అంబలిలోకి పనికొస్తుందని ఒక ముసలాయన పిడికెడు ఉప్పు వేశాడు. కమ్మరి పిడికెడు మేకులు వేశాడు. ఇంట్లో ఏమీ లేని కుమ్మరి ఒకామె సిగ్గుపడుతూ పిడికెడు మట్టి తెస్తే ఓదెవ్వ దాన్ని కళ్లకద్దుకుని గంపలో వేసింది. తొమ్మిది రోజులకు ఊరి గాదెలు రెండు నిండాయి. ఊళ్లో వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఇదంతా మనమే ఇచ్చామా అని ఆశ్చర్యపోయారు.

పున్నమి నాడు పొద్దు వాలుతుండగా ఆట ఆఖరి వీధికి వచ్చింది. ఒక్క గడప మిగిలింది. రాజమల్లు గడప మీద నిలబడి ఉన్నాడు. కుడిచేతి పిడికిలి మూసి ఉంది. ఓదెవ్వ ఆ పిడికిలిని చూసింది. చూసి, కోలలు దించి, వెనక్కి తిరిగింది. ఆమె తిరిగితే ఊరు తిరిగింది. పోతూ పోతూ తలా ఒక సాకు చెప్పుకున్నారు. బాట పడితే వాడి పడవ మూలపడుతుంది, కడుపు కొట్టేవాళ్లం వెళ్లి వాడినే గింజలు అడగడం ఏం బాగుంటుందని కొందరన్నారు. మాట మర్యాదగానే ఉంది. కానీ ఎవరికి నష్టమో వాళ్లను అడగకపోవడం మర్యాద కాదని వాళ్లకు అప్పటికి తెలియలేదు.

చైత్రంలో పని మొదలైంది. వడ్డెర మేస్త్రి వీరస్వామి ఈ గట్టున ఒక గుంజ, ఆ గట్టున ఒక గుంజ పాతి తాడు బిగించి, తిన్నగా బాట గీశాడు. గుట్ట మీది నుంచి బండలు దొర్లాయి. వాగులో నాలుగు వరసలు పేర్చారు. తెల్లారి చూస్తే రెండు వరసలే ఉన్నాయి. మళ్లీ పేర్చారు. మళ్లీ ఇసుక మింగింది. మూడోసారి ఇసుక తవ్వి, కంకర పోసి, మొద్దులు దిగేసి పేర్చారు. వారం తిరక్కుండా అవి కూడా మునిగిపోయి నీళ్లు ఏమీ తెలియనట్టు పైనుంచి పారాయి. చైత్రం పోయింది, వైశాఖం సగమైంది. ఒక గాదె ఖాళీ అయింది. ఐలవ్వ నడక బరువెక్కింది.

"అడుగు దొరకని వాగుల నేనేం కట్టుదు తల్లీ. కట్టుమంటె కడ్త, కూలి తింట. నిలబడుతదని మాత్రం నా నోట అబద్ధం చెప్పియ్యకు" అన్నాడు వీరస్వామి. ఊళ్లో సణుగుడు మొదలైంది. పటేలు బస్తాలు తీసుకున్నా వాగులోనే పోసేవాళ్లమని ఒకరన్నారు. పక్కనున్నవారు నవ్వారు గాని ఓదెవ్వకు ఆ నవ్వు గుచ్చుకుంది.

వైశాఖ బహుళంలో ఒక మిట్టమధ్యాహ్నం ఓదెవ్వ రాళ్లు మోసి మోసి వాగు ఒడ్డున మొగిలిపొద నీడలో ఒరిగింది. కన్ను మూతపడింది. కలలో జాజిరి ఆట సాగుతోంది. గుండ్రంగా ఆడవాళ్లు, ఆమె ఒక్కొక్కరి కోలకు తన కోల తాకిస్తూ తిరుగుతోంది. ఒకచోట మాత్రం ఒకామె కదలకుండా నిలబడి ఉంది. పొడవాటి మనిషి, మొహం నిండా పసుపు, పైకెత్తిన చేతిలో ఒంటి కోల. తీరా చూస్తే ఆమె నిలబడింది రాజమల్లు గడప మీద.

"ఎవలమ్మా నువ్వు, ఆటలకు రావేం?" అని ఓదెవ్వ అడిగింది.

"పున్నమి నాడు మీ ముందు నడిచింది నేనే. ప్రతి గడపా మీకంటె ముందుగాల నేనే ఎక్కిన. ఈ గడప నేనెక్కిన తర్వాత మీరు ఎనుకకు మర్లిన్రు. అప్పటిసంది ఇట్లనే నిలబడ్డ. చెయ్యి గుంజుతున్నది ఓదెవ్వా. నా కోలకు ఎదురుకోల తాకితెనే నేను దించుత. నేను కదిలితెనే నీ రాయి నిలుస్తది."

"ఆ గడపకు నేను రాను తల్లీ. అది నా బిడ్డను మింగిన గడప."

"నీ బిడ్డను మింగింది వాగు" అని ఆ తల్లి మెల్లగా అన్నది.

ఓదెవ్వకు మెలకువ వచ్చింది. కుడిచెయ్యి రోజంతా పైకెత్తి పట్టుకున్నట్టు లాగుతోంది. కలలో అమ్మవారు కనిపిస్తే ఎవరికైనా భక్తి పుడుతుంది. ఓదెవ్వకు కోపం వచ్చింది. నిలబడితే నిలబడనీ, నేను అడిగానా ముందు నడవమని, అని తనలో తను గొణుక్కుంది. పెద్దలు ఈ మాటను దాచకుండా చెప్పారు కాబట్టి మేమూ దాచడం లేదు. అంతలో ఐలవ్వ తల్లికి అంబలి తెస్తూ గట్టు దిగింది. ఒక చేత్తో ముంత, ఇంకో చెయ్యి నడుముకు ఆనించి, ఒక్కో అడుగూ చూసి వేస్తోంది. వాగు ఒడ్డున ఆగి, మునిగిపోయిన రాళ్ల వంక చూసి, తల్లికి తెలియకూడదని మొహం తిప్పుకుంది. ఆ మొహం తిప్పుకోవడం ఓదెవ్వ చూసింది. అంబలి తాగలేదు. లేచి ఇంటికి వెళ్లి దూలంలో దోపిన కోలలు తీసింది.

మండే ఎండలో, నడివీధిన, పండుగ కాని రోజున ఓదెవ్వ కోలలు పట్టుకుని ఒంటరిగా నడుస్తుంటే ఇళ్లలోంచి ఆడవాళ్లు బయటికి వచ్చారు. ఒకరి వెనక ఒకరుగా దూరంగా నడిచారు. రాజమల్లు ఇంటి తలుపు వేసి ఉంది. ఓదెవ్వ వాకిట్లో నిలబడి పాట ఎత్తింది. ఆ గొంతుకు ఊరంతా లేచి ఆడేది, ఈ రోజు అదే గొంతు మాట పెగలక తడబడింది. అయినా ఆపలేదు. కోల మీద కోల తనే కొట్టుకుంటూ ఒంటరిగా చుట్టు తిరిగింది. చుట్టు పూర్తయ్యేసరికి కళ్లు ధారలు కట్టాయి.

లోపలి నుంచి "ఎవలు?" అని వినిపించింది.

రెండేళ్లుగా ఓదెవ్వ నోట రాని పిలుపు ఇప్పుడు వచ్చింది. "నేను తమ్మీ. నీ అక్కను" అన్నది.

తలుపు తెరుచుకుంది. రాజమల్లు చేతిలో చిన్న గుడ్డమూట ఉంది. "పున్నమి నాటి గింజలక్కా. వస్తరేమోనని కట్టిపెట్టిన. సగం పురుగువట్టినయి" అన్నాడు. మూట విప్పి పిడికెడు గింజలు ఆమె చాచిన అరచేతిలో పోశాడు. ఓదెవ్వ తన కోలను ఎత్తి, కలలో ఆ తల్లి నిలబడిన ఆ గడప ద్వారబంధానికి తాకించింది. తాకించగానే చెయ్యి లాగడం ఆగిపోయిందని ఆమె బతికినన్నాళ్లూ చెప్పింది.

అప్పుడు రాజమల్లు రెండేళ్లుగా కడుపులో దాచుకున్న మాట చెప్పాడు. "ఆ పొద్దు నువ్వు మర్లిపోయినంక నేను ఈది పోదామని దిగిన. పడవ మునిగినా మనిషి ఈదొచ్చని. నడివాగుల నీళ్లు నన్ను గుంజుకపోయినయి. ఇగ పోయిన అనుకుంటుంటె కాళ్లకు బండ తగిలింది. దాని మీద గొంతు లోతుల నిలబడి పొద్దుగూకేదాక అరిచిన. ఎవలికీ వినరాలె. నీళ్లు తగ్గి ఒడ్డుకు వచ్చేసరికి మీ ఇంట్ల ఏడుపు. నీకు చెప్దామని వచ్చిన. నువ్వు తలుపేసినవు. బిడ్డ పోయినింట్ల నేను ఈదిన సంగతి ఏం చెప్పుకుంటనని మర్లిపోయిన."

ఓదెవ్వ అక్కడే గడప మీద కూలబడింది. చివరికి ఆమె అడిగిన మాట బిడ్డ గురించి కాదు. "ఆ బండ ఏడున్నది తమ్మీ?" అన్నది.

"గడకర్రతోటి వెతికి చూసిన. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాక ఉన్నదక్కా, ఇసుక కింద. కానీ తిన్నగ లేదు, పాము లెక్క వంకర్లు తిరిగి పోయింది. మీరు తాడు కట్టి పేర్చుతుంటె చెప్దామని రెండుసార్లు వాగు దాక వచ్చిన. పడవ పోతదని పని చెడగొడుతున్నడంటరని మర్లిన. పిలువని పేరంటానికి పోయి సలహా చెప్తె ఎవలు వింటరు?"

వింటున్న ఆడవాళ్లందరూ తలలు దించుకున్నారు. ఆ పూటే రాజమల్లు గడకర్ర పట్టుకుని ముందు దిగాడు. కర్ర దిగబడిన చోటల్లా వదిలేశాడు, ఠంగుమన్న చోటల్లా వీరస్వామి ఒక గుంజ పాతాడు. సాయంత్రానికి గుంజలన్నీ చూస్తే మీరు నవ్విన ఆ వంకరే తేలింది. వీరస్వామి తన తాడు చుట్ట చుట్టి వాగులో విసిరేసి, ముప్పై ఏళ్ల పనిలో ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదన్నాడు.

ఇంకొక చిక్కు మిగిలింది. వాన నీళ్లు కిందుగా పోవడానికి బాటకు నాలుగు కమాన్లు కట్టాలి. కమాను రాళ్లు గచ్చు బిగిసేదాకా నిలబడాలంటే కింద వంపు తిరిగిన చెక్కల ఆసరా కావాలి. అంత చెక్క, అంత వంపు ఈ కొద్దిరోజుల్లో ఎక్కడి నుంచి తేవాలి? వీరస్వామి చూపు గట్టున ఉన్న పడవ మీద పడింది. పడి, వెంటనే పక్కకు తిరిగింది. రాజమల్లు ఆ చూపును పట్టాడు.

"పిడికెడుకు మించి తీసుకోరంట గదా. నాకున్నది ఒక్క పడవ. దాన్నే పిడికెడు అనుకోండ్రి. బోర్లేస్తె కమానుకు అచ్చు సరిపోతది" అన్నాడు.

"అది పిడికెడు కాదు తమ్మీ, నీ బతుకు" అన్నది ఓదెవ్వ. ఊరి వైపు తిరిగి అందరూ వినేలా చెప్పింది. "ఏటేటా జాజిరి మొదటిపాట ఈ గడపల్నే. మొదటి పిడికెడు ఈ ఇంటికి ఊరు పెట్టాలె, ఈ ఇంటి నుంచి ఊరు తీసుకోవాలె. ఒప్పుకుంటెనే పడవ ముట్టుదాం." పటేలు మొదలు పసిపిల్ల వరకు అందరూ కోలలు ఎత్తి ఒప్పుకున్నారు.

ఆ తర్వాత పని పనిలా లేదు, పండుగలా సాగింది. ఒక్క పడవనే బోర్లించి ఒక కమాను కట్టడం, గచ్చు బిగిశాక జరిపి మరొకటి కట్టడం. ఇప్పటికీ వాగు ఎండినప్పుడు కిందికి దిగి చూస్తే నాలుగు కమాన్ల పొట్టల మీదా పడవ పలకల అచ్చులు కనిపిస్తాయి. పైన కంకర, బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపిన గచ్చు పరిచారు. దాన్ని గట్టిపరచడానికి ఓదెవ్వ మళ్లీ పాట ఎత్తింది. మగవాళ్లు దిమ్మిసలతో కొడుతుంటే ఆ దెబ్బకు తాళంగా ఆడవాళ్లు బాట పొడవునా కోలాటం ఆడారు. ఏ పాట గింజలు తెచ్చిందో ఆ పాటే గచ్చును అదిమింది. సిరిగూడెం వాళ్లు చూసి చూసి ఆగలేక తామూ కోలలు పట్టుకుని ఆ కొస నుంచి ఆడుతూ వచ్చారు. రెండు ఊళ్ల ఆటా నడివాగులో కలిసింది. మృగశిర కార్తె ప్రవేశించిన మూడోనాడు తొలకరి పడింది. బాట మీద ఒక్క రాయి కదలలేదు.

ఆషాఢంలో వాగు వచ్చింది. ఒక ఉదయం ఐలవ్వకు నొప్పులు మొదలయ్యాయి. అప్పటికి బాట మీద చీలమండ లోతు నీళ్లు పారుతున్నాయి, రెండు పక్కలా మాత్రం మనిషి లోతు వరద. రాజమల్లు గడకర్ర పట్టుకుని బాట మీద నడిచిపోయాడు. తిరిగి వస్తుంటే గడకర్ర ఒక కొస అతని చేతిలో, రెండో కొస మంత్రసాని బాలవ్వ చేతిలో. ఈ గట్టున ఊరంతా ఊపిరి బిగబట్టి నిలబడింది. బాలవ్వ మాత్రం దారిపొడవునా తిడుతూనే వచ్చింది. "ఈ వంకర బాట ఎవడేసిండ్రా, తల తిరుగుతున్నది" అని.

"తల తిరగనియ్యవ్వా, కాళ్లు నిలిస్తె చాలు" అన్నాడు రాజమల్లు.

మిట్టమధ్యాహ్నానికి ఐలవ్వ ఆడపిల్లను కన్నది. తల్లీ బిడ్డా క్షేమం. పిల్ల ఏడుపు వినగానే ఓదెవ్వ బయటికి వచ్చి, కోలలు అందుకుని, వానలోనే తిన్నగా వాగు దగ్గరికి వచ్చింది. రాజమల్లు ఇంకా గట్టు మీదే నిలబడి ఉన్నాడు. ఆమె కోల ఎత్తింది. అతని చేతిలో కోల లేదు, గడకర్ర ఉంది. అదే ఎత్తాడు. కోల గడకర్రకు తాకింది. ఆ చప్పుడుకు రెండు గట్లూ ఒక్కసారిగా పాట అందుకున్నాయి. వరద హోరును ఆ పాట మించిపోయిందని చెబుతారు. కాస్త ఎక్కువ చెప్పి ఉండవచ్చు గాని మేము నమ్ముతాం. పుట్టిన పిల్లకు రాజవ్వ అని పేరు పెట్టారు.

ఆ ఏడే వీరస్వామి మేస్త్రి మిగిలిన రాతిపలక మీద, ఓదెవ్వ కలలో చూసి చెప్పిన తీరుగా తల్లి రూపాన్ని చెక్కాడు. పడవ పలకల్లో గట్టిదాన్ని పీఠం చేశారు. రాజమల్లు తన ఇంటిని తల్లికి విడిచి పక్కనే పాక వేసుకున్నాడు. నాటి నుంచి నేటి వరకు ఇక్కడి పూజ ఆ వంశానిదే. వరద రోజుల్లో బాట దాటవచ్చునో లేదో చెప్పేదీ వారే. వారు వద్దంటే కలెక్టరు వచ్చినా ఈ గట్టునే ఆగుతాడు.

నేటికీ చుట్టుపక్కల పదమూడు ఊళ్లలో ఏ ఉమ్మడి పని తలపెట్టినా, బావి అయినా బడి గది అయినా, కాముని పున్నమికి జాజిరి ఆడే ముందు కడగడపమ్మ దగ్గర ఎదురుకోల మొక్కుతారు. గుడి పాట అయ్యాక, ఊళ్లో తొలిపాట ఆ పని వల్ల ఎవరికి నష్టమో వారి గడపలో పాడతారు. మొన్న మా ఊరి బడికి కొత్త గదులు కట్టాలంటే ఒకాయన పశువుల కొట్టం పోవలసి వచ్చింది. తొలిపాట ఆయన వాకిట్లోనే పాడారు. ఆయన కాసేపు మొండికేశాడు, పాట రెండోసారి పాడించుకున్నాడు, చివరికి కొట్టం గుంజలు తనే పీకి ఇచ్చాడు. ఆ గుంజలు ఇప్పుడు బడి వరండాకు ఉన్నాయి.

ఎదురుకోల మొక్కినవారికి ఆగిపోయిన పనులు సాగుతాయని, పురుళ్లు సుఖంగా జరుగుతాయని, విడిపోయిన తోబుట్టువులు కలుస్తారని నమ్మకం. ఈ కథ విన్నవారు ఇంటికి వెళ్లేలోగా తాము దాటేసి వచ్చిన గడప ఏదైనా ఉంటే అక్కడ ఒకసారి ఆగి వెళ్లాలని పెద్దల మాట.

కాముని పున్నమి తొమ్మిది రోజుల్లో వచ్చే భక్తులు మొదటిరోజు తప్పక చూడవలసింది ఒకటుంది. జాజిరి ఆట గుడి ముందుకు రాగానే తలుపులు మూస్తారు. పాట ఎత్తినామె ఒంటరిగా ఒక చుట్టు తిరుగుతుంది. లోపలి నుంచి పూజారి "ఎవలు?" అని అడుగుతాడు. ఇప్పటి పూజారికి డెబ్బై దాటాయి. పోయిన ఏడు పాట ఎత్తిన పిల్లకు పదకొండు నిండలేదు. ఆ పిల్ల కోలలు దించి, తల పైకెత్తి, ఊరంతా వినేలా "నేను తమ్మీ, నీ అక్కను" అన్నది. పూజారి పిడికెడు గింజలతో తలుపు తెరిచాడు.